జవాబు: సెవోఫ్లురేన్ పెంచినా మెదడు ఎందుకు ఉబ్బింది?

పీల్చే మత్తుమందు సెవోఫ్లురేన్ 1.5 మ్యాక్‌లో (1 మ్యాక్ అంటే కోత పెట్టినా సగం మంది కదలకుండా ఉండే మోతాదు) ఉన్నా డ్యూరా (మెదడును కప్పే పొర) తెరవగానే మెదడు బిగుతుగా పైకి ఉబికిందని, జీవక్రియ తగ్గితే రక్తప్రవాహమూ తగ్గాలి కదా అని అడిగారు. జీవక్రియ తగ్గిందండీ, అందులో అనుమానం లేదు. మెలకువలో 100 గ్రాముల మెదడు నిమిషానికి సుమారు 3.5 మి.లీ. ఆక్సిజన్ వాడుకుంటుంది, మత్తు పెరిగి ఈఈజీ (మెదడు విద్యుత్ నమోదు) గీత చదునయ్యేసరికి దాదాపు సగం చాలు. ఆ మిగిలిన సగం కణాలు బతికి ఉండటానికే. దాన్ని మత్తుమందు ఇంకా తగ్గించలేదు, చల్లబరిస్తేనే తగ్గుతుంది.

చిక్కంతా రక్తనాళాల దగ్గరే. సెవోఫ్లురేన్ 1 మ్యాక్ దాటితే వాటిని నేరుగా విప్పారేలా చేస్తుంది. పుర్రెలో రక్తం పెరుగుతుంది, ఒత్తిడీ పెరుగుతుంది. సిరలోకి ఎక్కించే మత్తుమందు ప్రొపొఫోల్‌తో ఈ బెడద లేదు, జీవక్రియ, రక్తప్రవాహం రెండూ జతగా తగ్గుతాయి.

ముందు ధమని రక్తం పరీక్షకు పంపండి. మానిటర్‌లో ఎండ్ టైడల్ (వదిలే శ్వాస చివర్లోని కార్బన్ డయాక్సైడ్) 35 మి.మీ. చూపిస్తున్నా ధమనిలో కార్బన్ డయాక్సైడ్ 40 ఉండొచ్చు, ఒక్కో మి.మీ. తేడాకి మెదడు రక్తప్రవాహం సుమారు 3 శాతం మారుతుంది. తల 15–30 డిగ్రీలు ఎత్తి, మెడ మెలిపడి సిరలు నొక్కుకుపోయాయేమో చూడండి. నైట్రస్ ఆక్సైడ్ వాయువు వాడుతుంటే ఆపేయండి. సెవోఫ్లురేన్ తగ్గిస్తూ ప్రొపొఫోల్ కిలోకు గంటకు 6 మి.గ్రా. చొప్పున మొదలుపెట్టండి. సగటు రక్తపోటు మాత్రం పడిపోనివ్వకండి: పడితే నాళాలు ఇంకా విచ్చుకుని ఉబ్బు ఎక్కువవుతుంది.