తొందరపాటు ఎక్కువగా ఉన్న బాబుకు ఎంఆర్ఐ అవసరమా?

ప్రశ్న: మా బాబుకు 8 ఏళ్లు. ప్రశ్న పూర్తికాకముందే జవాబు చెప్పేస్తాడు. ఆటలో తన వంతు వచ్చేదాకా ఆగలేడు. కోపం వస్తే చేతిలో ఉన్నది విసిరేసి, తర్వాత తనే ఏడుస్తాడు. ఇలాంటి పిల్లల్లో మెదడు భాగాల మధ్య కనెక్టివిటీలో తేడా ఉంటుందని చదివాను. ఎంఆర్ఐ చేయించాలా?

జవాబు: విసిరేశాక తనే ఏడుస్తాడని మీరు రాసిన మాటను నేను ముఖ్యమైనదిగా భావిస్తున్నాను. చేసింది తప్పని బాబుకు తెలుసు. ఆ క్షణంలో తనను తాను ఆపుకునే శక్తి మాత్రం ఇంకా చాలడం లేదు.

ఆ శక్తికి ఆధారం నుదుటి వెనుక ఉండే ప్రీఫ్రంటల్ కార్టెక్స్ అనే మెదడు భాగం, అలాగే మెదడు లోపల కోరికలతో, ఆవేశంతో సంబంధమున్న స్ట్రయేటమ్, అమిగ్డలా వంటి భాగాలతో దానికి ఉండే నాడీ అనుసంధానం. ఈ నాడీ తంతువుల చుట్టూ మైలిన్ పొర ఏర్పడేకొద్దీ సంకేతాలు వేగంగా ప్రయాణిస్తాయి. ఈ ఎదుగుదల 20 ఏళ్లు దాటాక కూడా కొనసాగుతుంది కాబట్టి, 8 ఏళ్లకు అది అసంపూర్తిగా ఉండటం సహజం. ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత లోపం, అతి చురుకుదనం, తొందరపాటు కనిపించే సమస్య) ఉన్న పిల్లల్లో మెదడు పై పొర అయిన కార్టెక్స్ గరిష్ఠ మందానికి చేరుకోవడం సగటున సుమారు 3 ఏళ్లు ఆలస్యమవుతుందని 2007లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనం చూపింది.

మీరు చదివినది అబద్ధం కాదు. అయితే ఆ తేడాలు ఎందరో పిల్లల సగటులో కనిపించే చిన్న తేడాలు. ఒక్క బాబు స్కాన్ చూసి తొందరపాటును నిర్ధారించడం సాధ్యం కాదు. పైగా స్కానర్‌లో తల కాస్త కదిలినా కనెక్టివిటీ కొలతలు మారిపోతాయి. కుదురుగా ఉండలేని పిల్లలే ఎక్కువగా కదులుతారు కనుక, కదలిక వల్ల వచ్చిన దోషం మెదడులోని తేడాగా కనిపించే ప్రమాదం ఉంది. మూర్ఛ, వాంతులతో కూడిన తలనొప్పి, వచ్చిన మాటలు లేదా నైపుణ్యాలు పోవడం వంటివి లేకపోతే ఎంఆర్ఐ చేయించనవసరం లేదు.

బాబును పిల్లల వైద్యుడికో, పిల్లల మానసిక వైద్యుడికో చూపించండి. ఈ లక్షణాలు 6 నెలలకు పైగా, ఇంట్లోనూ బడిలోనూ కనిపిస్తూ, చదువుకో స్నేహాలకో ఆటంకమవుతున్నాయా అని వారు పరిశీలిస్తారు. వినికిడి, చదవడంలో ఇబ్బంది, నిద్ర కూడా చూడాలి. ఈ వయసుకు రోజుకు 9 నుంచి 12 గంటల నిద్ర అవసరం. అంతవరకు, బాబు కాసేపు ఆగగలిగిన ప్రతిసారీ అప్పటికప్పుడే మెచ్చుకోండి. పొడవైన మందలింపులకు బదులు ఒకే చిన్న సూచన ఇవ్వండి. వైద్యుడి దగ్గరకు వెళ్లేటప్పుడు టీచర్ గమనించిన విషయాలు రాయించి తీసుకెళ్లండి; స్కాన్ కంటే ఆ కాగితమే ఎక్కువగా ఉపయోగపడుతుంది.