ఫొటోలో టవర్‌పై పీ 219 అని ఉంది: ఏ సబ్‌మెరైన్?

ఆ నంబర్ హెచ్.ఎం.ఎస్. సెరాఫ్‌ది. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ కట్టిన ఎస్ క్లాస్ (ఒకే నమూనాలో కట్టిన శ్రేణి) జలాంతర్గామి. ముందు దానికి నంబర్ మాత్రమే ఉండేది. జలాంతర్గాములన్నిటికీ పేర్లు ఉండి తీరాలని చర్చిల్ పట్టుబట్టాడు.

అయితే చివరి అంకెను భూతద్దంతో మరోసారి చూడండి. పీ 217 అయితే అది సిబిల్. రెండూ ఒకే క్లాస్ కాబట్టి ఆకారం చూసి తేడా చెప్పడం చాలా కష్టం. నావికుల టోపీలు కూడా సాయపడవు. యుద్ధకాలంలో భద్రత కోసం టోపీ రిబ్బన్‌పై నౌక పేరు రాసేవారు కాదు.

ఫొటో ఎప్పటిదో తేల్చడానికి మాత్రం మంచి ఆధారం ఉంది. టవర్ ముందు డెక్ మీద తుపాకీ కనిపిస్తే 1942-44 నాటిది. 1944లో సెరాఫ్‌ను, జలాంతర్గాములను వేటాడే శిక్షణలో వాడే వేగంగా కదిలే లక్ష్యంగా మార్చారు. అప్పుడు తుపాకీ తీసేసి, టవర్‌ను చిన్నది చేశారు.

నిజంగా సెరాఫే అయితే ఆ ఫొటోను జాగ్రత్తగా దాచుకోండి. 1942 అక్టోబర్‌లో అమెరికన్ జనరల్ మార్క్ క్లార్క్‌ను రహస్య చర్చల కోసం అల్జీరియా తీరానికి చేర్చింది ఇదే. 1943 ఏప్రిల్‌లో జర్మన్లను తప్పుదారి పట్టించడానికి, నకిలీ పత్రాలతో ఒక శవాన్ని స్పెయిన్ తీరంలో వదిలిందీ ఇదే. టవర్ భాగాలు కొన్ని ఇప్పటికీ అమెరికాలోని చార్ల్స్‌టన్‌లో, సిటడెల్ సైనిక కళాశాల ఆవరణలో ఉన్నాయి.