మందులకీ లెక్కలకీ సంబంధమేంటి మాస్టారూ?

(డిగ్రీ, ఇంజినీరింగ్, ఫార్మసీ విద్యార్థుల లెక్కల సందేహాలకు రిటైర్డ్ లెక్చరర్ జవాబులు)

ప్రశ్న: మాస్టారూ, నాది బైపీసీ. పదో తరగతితో లెక్కల పీడ వదిలిందనుకున్నాను. ఇప్పుడు బీఫార్మసీ మొదటి సెమిస్టర్లో రెమిడియల్ మ్యాథమెటిక్స్ పెట్టారు. లాగరిథమ్స్, మాత్రికలు, ఇంటిగ్రేషన్, చివర లాప్లాస్ ట్రాన్స్‌ఫామ్. ఎంపీసీ నుంచి వచ్చిన ఫ్రెండ్స్‌కి ఈ పేపరే లేదు. క్లాసులో కూర్చుంటేనే టెన్షన్. అసలు మందులకీ దీనికీ సంబంధమేంటి?
- బీఫార్మసీ విద్యార్థిని, నరసరావుపేట

జవాబు: నీ ఎంపీసీ ఫ్రెండ్స్ హాయిగా ఉన్నారనుకోకమ్మా. అదే సెమిస్టర్లో వాళ్లకి రెమిడియల్ బయాలజీ ఉంది. వాళ్ల బాధలు వాళ్లవి.

సంబంధం అడిగావు కదా. రక్తంలో ఒక మందు మోతాదు గంటగంటకీ 16, 8, 4, 2గా తగ్గుతోందనుకో. గ్రాఫ్ మీద పెడితే వంపు గీత వస్తుంది, దాన్ని చూసి ఏమీ తేల్చలేం. అవే అంకెలకు లాగ్ (10 ఆధారంగా) తియ్యి: 1.204, 0.903, 0.602, 0.301. గంటకి సరిగ్గా 0.301 చొప్పున దిగుతోంది. ఇప్పుడు గ్రాఫ్ సరళరేఖ అయింది. దాని వాలును మైనస్ గుర్తు వదిలేసి 2.303తో (10 ఆధారపు లాగ్‌ని సహజ లాగ్‌గా మార్చే సంఖ్య) గుణిస్తే 0.693. మందు ఎంత త్వరగా పోతోందో చెప్పే స్థిరాంకం అదే, దాన్ని ‘కె’ అంటారు. 2కి సహజ లాగ్ కూడా 0.693, అది ఏ మందుకైనా మారదు; దాన్ని ఆ మందు కె తో భాగిస్తే హాఫ్ లైఫ్, అంటే మందు సగానికి తగ్గే సమయం. ఇక్కడ గంట. పారాసిటమాల్‌కైతే సుమారు 2 నుంచి 3 గంటలు. ఏ మందు ఎన్ని గంటలకోసారి వేసుకోవాలో తేల్చేటప్పుడు చూసే వాటిలో ఇదొకటి.

‘మందు ఎంత ఉంటే అంత వేగంగా తగ్గుతుంది’ అన్న మాటని లెక్కల్లో రాస్తే డిఫరెన్షియల్ ఈక్వేషన్. దాన్ని ఇంటిగ్రేట్ చేస్తే లాగ్ వచ్చింది, లాగ్‌తో సరళరేఖ వచ్చింది. నీ సిలబస్‌లో సగం ఇక్కడే ఉంది. ఆరో సెమిస్టర్లో ఫార్మకోకైనెటిక్స్ (ఒంట్లో మందు ఎలా చేరి, ఎలా పోతుందో లెక్కగట్టే పాఠం) మొదలైతే ఈ గ్రాఫులే మళ్లీ ఎదురవుతాయి.

అందుకని సిలబస్ వరసలో చదవకు. నీ పాత పదో తరగతి పుస్తకం అటక మీద ఉంటే దించు. రాష్ట్ర సిలబస్సే అయితే వాస్తవ సంఖ్యల అధ్యాయంలో లాగరిథమ్స్, నిరూపక జ్యామితిలో వాలు నువ్వు చదివినవే. ముందు అవి. తర్వాత డిఫరెన్షియేషన్, ఇంటిగ్రేషన్, చిన్న డిఫరెన్షియల్ ఈక్వేషన్లు. మొదటి యూనిట్లో పెట్టిన పార్షియల్ ఫ్రాక్షన్స్‌కి అసలు పని చివరి యూనిట్లో లాప్లాస్ దగ్గర పడుతుంది కాబట్టి ఆ రెండూ కలిపి చదువుకో. మాత్రికల్లో వచ్చే కేలీ-హామిల్టన్ సిద్ధాంతం ఫార్మసీ పిల్లలకు అంత అవసరమా అంటే నాకూ అనుమానమే. మార్కులొస్తాయి, నేర్చేసుకో.

ప్రశ్న: పాలిటెక్నిక్ చేసి ఈసెట్‌తో బీటెక్ ఈసీఈ రెండో ఏడాదిలో చేరాను సార్. మొదటి ఏడాది మ్యాథ్స్ నాకు లేదు. మునిగిపోతానా?
- ఈసీఈ విద్యార్థి, కరీంనగర్

జవాబు: ఎందుకు మునుగుతావు బాబూ? ఈసెట్‌లో 200 మార్కులకు 50 లెక్కలవే కదా, అవి దాటే వచ్చావు. లాప్లాస్, ఫోరియర్ సిరీస్ డిప్లొమాలోనే చూసి ఉంటావు కాబట్టి సిగ్నల్స్ పేపర్లో మొదటి ఏడాది నుంచి వచ్చినవాళ్ల కంటే వెనకబడవు. నీకు లోటు వెక్టర్ కాల్‌క్యులస్‌లో. గ్రేడియంట్, డైవర్జెన్స్, కర్ల్, ఆపైన గాస్, స్టోక్స్ సిద్ధాంతాలు. ఎలక్ట్రోమాగ్నెటిక్స్ పేపర్ మొదలయ్యేలోగా అవి పట్టు. మాత్రికల్లో ఐగెన్ విలువలు కూడా ఒకసారి చూడు. మిగతావి అవసరం పడ్డప్పుడు చూసుకోవచ్చు.

ప్రశ్న: మా అమ్మాయికి ఇంటర్లో లెక్కల పేపర్లన్నిటిలో 75కి 75. ఇష్టపడే బీఎస్సీ మ్యాథ్స్‌లో చేరింది. ఇప్పుడు రియల్ అనాలిసిస్ ఒక్క ముక్క ఎక్కడం లేదని ఏడుస్తోంది. గ్రూపు మార్పించమంటారా?
- ఒక తల్లి, రాజమహేంద్రవరం

జవాబు: అప్పుడే వద్దమ్మా. ఆ 75 మార్కులు అబద్ధం కాదు, కానీ అవి వేరే పనికి వచ్చిన మార్కులు. రెండు మార్కులవి పది, నాలుగు మార్కులవి అయిదు, ఏడు మార్కులవి అయిదు. వచ్చే ప్రశ్నలు ఏవో ముందే తెలుసు, చేత్తో వందసార్లు చేసిన లెక్కలే. కాలేజీలు కూడా ‘ఇంపార్టెంట్’ అని టిక్కు పెట్టించి వదిలేస్తాయి, మా తరం లెక్చరర్లమూ అదే చేశాం. రియల్ అనాలిసిస్‌లో జవాబు ముందే చెప్పేస్తారు, ఎందుకో రుజువు చెయ్యమంటారు.

అమ్మాయిని ఒక పని చెయ్యమనండి. 1, 1/2, 1/3, 1/4... ఈ వరస సున్నాకి చేరుతుందని అందరికీ కనిపిస్తుంది. ‘సున్నాకి 0.01 కంటే దగ్గరికి రా’ అంటే ఎన్నో పదం నుంచి వస్తుంది? 101వ పదం నుంచి. 0.001 అంటే? 1001వ పదం నుంచి. నేను ఎంత చిన్న సంఖ్య అడిగినా తను ఒక పదం చూపించగలగాలి. లిమిట్ నిర్వచనంలో కనిపించే ఎప్సిలాన్ అంటే నేను అడిగే ఆ చిన్న సంఖ్య, అంతే. నిర్వచనం బట్టీ పట్టకుండా ఇలా అంకెలతో కొన్ని వరసలు చేశాక పుస్తకం తెరవమనండి. ఎమ్మెస్సీకి ఐఐటీల జామ్ పరీక్ష రాయాలని ఉంటే ఈ పేపర్ తప్పించుకోవడం కుదరదు కూడా.

సెమిస్టర్ అయ్యాక కూడా రుజువులంటే విసుగే ఉంటే స్టాటిస్టిక్స్ వైపు చూడొచ్చు. అదేమీ ఓటమి కాదు.

ప్రశ్న: సీఈసీ చదివి బీకాంలో చేరాను. బిజినెస్ స్టాటిస్టిక్స్‌లో కాల్‌క్యులస్ వస్తుందా?
- బీకాం విద్యార్థి, నల్గొండ

జవాబు: మామూలుగా రాదు. సగటు, ప్రామాణిక విచలనం, కోరిలేషన్, ఇండెక్స్ నంబర్లు. సిగ్మా గుర్తంటే కూడమని అర్థం, అది తెలిస్తే సగం భయం పోతుంది. పట్టికలో నిలువు వరసలు తిన్నగా గీసుకో. వర్గాలు, మొత్తాలు తప్పి మార్కులు పోగొట్టుకునేవాళ్లే ఎక్కువ.