ఎంపీ నిధులతో కట్టిన హాలుకు ఒకాయన తాళం వేసుకున్నాడు, అడిగే హక్కు మాకుందా?

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా రాప్తాడు మండలంలో ఒక పల్లె. 2018లో ఎంపీ గారు వచ్చి భూమిపూజ చేసి, మా ఊరికి కమ్యూనిటీ హాలు ఇచ్చారు. రెండేళ్లు అందరం వాడుకున్నాం. తర్వాత ఊర్లో ఒక పెద్దాయన, "స్థలం మా నాయన ఇచ్చినాడు, ఎంపీని పిలుచుకొచ్చింది నేను" అని తాళం వేసుకున్నాడు. ఇప్పుడు లోపల ఆయన చెనక్కాయ మూటలున్నాయి. మా డ్వాక్రా సంఘం మీటింగు చెట్టు కిందే జరుగుతోంది. వచ్చే నెల మా చెల్లెలి కూతురి పెళ్లికి హాలు అడిగితే రోజుకు 5,000 ఇమ్మన్నాడు, రసీదు మాత్రం ఇవ్వడట. అనంతపురంలో ఎంపీ ఆఫీసుకు పోతే, "మీ ఊరు మా నియోజకవర్గంలోకి రాదమ్మా" అన్నారు. ఎంత చెప్పినా అది ఎంపీ గారి డబ్బు కదా, మేం అడిగితే బాగుంటుందా? శిలాఫలకం ఫొటో పంపుతున్నాను. (ఒక పాఠకురాలు)

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో నాకు బాధ కలిగించింది తాళం సంగతి కన్నా "ఎంపీ గారి డబ్బు కదా" అన్న మాట. ఆ డబ్బు ఎంపీది కాదు. 1993 డిసెంబరులో కేంద్రం ఈ పథకం మొదలుపెట్టింది. ఎంపీల స్థానిక ప్రాంత అభివృద్ధి పథకం అంటారు, ఆఫీసుల్లో "ఎంపీ ల్యాడ్స్" అంటేనే అర్థమవుతుంది. ఇప్పుడు ఒక్కో ఎంపీకి ఏడాదికి 5 కోట్లు. ఇందులో ఒక్క రూపాయి కూడా ఆయన చేతికి రాదు. ఫలానా ఊర్లో ఫలానా పని చేయండి అని ఆయన సిఫారసు చేస్తారు, అంతే. ఆ పని నిబంధనలకు సరిపోతుందో లేదో చూసి మంజూరు చేసేది కలెక్టరు, కట్టేది ప్రభుత్వ ఇంజనీరింగు శాఖ. ఈ పథకం చెల్లదని సుప్రీంకోర్టులో కేసు పడితే, ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం 2010 మే నెలలో చెల్లుతుందని తేల్చింది. ఎంపీ పాత్ర సిఫారసు వరకే అన్నది ఆ తీర్పులో ముఖ్యమైన సంగతి.

కాబట్టి హాలు ఎంపీ గారిదే కానప్పుడు, ఆయన్ను పిలుచుకొచ్చిన మనిషిది ఎట్లా అవుతుంది? ఊరికి పని తెచ్చినందుకు ఆయనకు గౌరవం ఇవ్వండి, అందులో తప్పేం లేదు. తాళంచెవి మాత్రం పంచాయతీ దగ్గరే ఉండాలి.

మీరు పంపిన ఫొటో చాలా పనికొస్తుంది. నల్లరాయి మీద పై వరసలో పేర్లన్నీ పెద్ద అక్షరాల్లో ఉన్నాయి. వాటిని వదిలేసి కింది రెండు వరసలు చూడండి. "ఎంపీ ల్యాడ్స్ నిధులు" అని, అంచనా విలువ 10 లక్షలు అని, పని చేసిన శాఖ పంచాయతీరాజ్ ఇంజనీరింగు అని చెక్కి ఉంది. కుడివైపు మూలకు మూట ఆనించడంతో తేదీ కనబడటం లేదు. ఇంకొక ఫొటో తీయించండి, తేదీతో సహా రావాలి. ఈ రాయి ఏదో మర్యాద కోసం పెట్టింది కాదు. ఏ నిధులతో కట్టారో, ఎంత ఖర్చయిందో జనానికి తెలియాలని ఇలాంటి ఫలకం పెట్టాలని నిబంధనల్లోనే ఉంది.

నియోజకవర్గం విషయంలో మీకు చెప్పింది నిజమే. రాప్తాడు మండలం అనంతపురం జిల్లాలోనే ఉన్నా, రాప్తాడు అసెంబ్లీ స్థానం హిందూపురం లోక్‌సభ కిందికి వస్తుంది. 2022 ఏప్రిల్‌లో శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడ్డాక ఈ అయోమయం ఇంకా పెరిగింది. జిల్లా ఒకటి, ఎంపీ ఇంకొకరు. నా దగ్గరికి వచ్చే వాళ్లలో చాలామంది ఇక్కడే తిరిగి తిరిగి విసిగిపోతారు. మీరైతే ఏ ఎంపీ ఆఫీసుకూ పోనక్కర్లేదు. మీ హాలు 2018 నాటిది, అప్పటికి జిల్లా ఒకటే. మంజూరు కాగితాలు అనంతపురం కలెక్టరేట్‌లో ముఖ్య ప్రణాళికాధికారి కార్యాలయం చూసుకునే పని. అక్కడ సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెట్టండి. ఒకవేళ ఫైలు వేరే ఆఫీసులో ఉన్నా, "మా దగ్గర లేదు, పో" అనడానికి వీల్లేదు. 6(3) సెక్షన్ ప్రకారం ఐదు రోజుల్లో వాళ్లే ఆ ఆఫీసుకు పంపి, మీకు తెలపాలి.

అర్జీ తెల్లకాగితం మీద, తెలుగులోనే రాయండి. "మా గ్రామంలో 2018లో ఎంపీ ల్యాడ్స్ నిధులతో కట్టిన కమ్యూనిటీ హాలుకు సంబంధించి పరిపాలనా మంజూరు ఉత్తర్వు, స్థలం వివరాలు, స్థలం ఎవరు ఏ పత్రం ద్వారా ఇచ్చారు, పని పూర్తయ్యాక ఎవరికి అప్పగించారు, అప్పగింత పత్రం నకలు ఇప్పించగలరు" అంటే చాలు. ఎందుకు తాళం వేశారు, ఎప్పుడు తీస్తారు లాంటివి ఇందులో రాయొద్దు. అవి సంజాయిషీలు, ఈ చట్టం కింద ఆఫీసులో ఉన్న కాగితం మాత్రమే ఇస్తారు. ఫీజు 10 రూపాయలు, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు అదీ లేదు. మీ పంచాయతీ కార్యదర్శికి కూడా ఒకటి పెట్టండి, మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో ఫీజు లేదు. 30 రోజుల్లో జవాబు రాకపోతే ఆ పై అధికారికి అప్పీలు చేసుకోవచ్చు.

ఇక స్థలం. అసలు చిక్కు ఇక్కడే ఉంది కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. "మా నాయన ఇచ్చినాడు" అనే మాటలో ఆయన ఒక సంగతి తనకు తెలియకుండానే ఒప్పుకుంటున్నాడు. ఇచ్చేసిన తర్వాత అది ఆయనది కాదు కదా! అయితే స్థిరాస్తి దానం నోటిమాటతో చెల్లదు. ఆస్తి బదిలీ చట్టం 123 సెక్షన్ ప్రకారం రిజిస్టరు దస్తావేజు, ఇద్దరు సాక్షుల సంతకాలు ఉండాలి. సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో ఆ స్థలానికి ఈసీ, అంటే ఆ స్థలం మీద రిజిస్టరైన లావాదేవీల జాబితా, తీయించండి. పంచాయతీ పేరుతోనో ప్రభుత్వం పేరుతోనో దానపత్రం కనబడితే ఆయన వాదన అక్కడితో సరి. స్థలం గ్రామకంఠంలో, అంటే ఊరి నివాస స్థలంలో ఉండి, పట్టా ఆయన కుటుంబానికి లేదని రెవెన్యూ రికార్డు చెబితే, అప్పుడు కూడా ఆయన వాదన బలహీనపడుతుంది.

దానపత్రం లేకుండా, నిజంగానే వాళ్ల పట్టా భూమి అయి ఉంటే మాత్రం పని కొంచెం కష్టమవుతుంది. ప్రైవేటు ఆస్తి తయారయ్యే పనులకు ఈ నిధులు వాడకూడదు. అంటే మంజూరులోనే పొరపాటు జరిగిందన్నమాట. అప్పుడు కూడా మీరు నిరాశపడొద్దు. వాళ్ల నాయన దగ్గరుండి, ఇష్టపడి స్థలం చూపించి, అభ్యంతరం చెప్పకుండా ప్రభుత్వ డబ్బుతో పక్కా భవనం కట్టనిచ్చాడు. ఇలా అనుమతిని నమ్ముకుని శాశ్వత నిర్మాణం చేసి ఖర్చు పెట్టాక, ఆ అనుమతి వెనక్కి తీసుకోవడానికి లేదని 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం 60(బి) సెక్షన్ చెబుతుంది. కోర్టులో ఇది బలంగా నిలబడే వాదన. భూమిపూజ నాటి ఫొటోలు, పేపర్లో వచ్చిన వార్త ఎవరి దగ్గరున్నా ఇప్పుడే సేకరించి పెట్టుకోండి. ఆ ఫొటోల్లో వాళ్ల నాయన కొబ్బరికాయ కొడుతూ కనబడితే, అంతకన్నా మంచి సాక్ష్యం ఉండదు.

అద్దె మాట. హాలు కరెంటు బిల్లుకు, ఊడ్పుకు పంచాయతీ తీర్మానం చేసి కొంత రుసుము పెట్టుకోవచ్చు. అది పంచాయతీ ఖాతాలో పడాలి, మీకు రసీదు రావాలి. ఒక మనిషి జేబులోకి పోయే 5,000 అద్దె కాదు, దయచేసి ఇవ్వకండి. ఒకసారి ఇచ్చారంటే ఆయన్ను యజమానిగా మీరే ఒప్పుకున్నట్టు అవుతుంది.

ఇంకో మాట గట్టిగా చెబుతున్నాను. మీ ఊరి పిల్లలు ఆవేశపడి తాళం పగలగొడతామంటారు, మూటలు బయట పారేస్తామంటారు. చేయనివ్వకండి. దొంగతనం, దౌర్జన్యం అని కేసు పెడితే ఊరంతా కోర్టు వాయిదాల చుట్టూ తిరగాలి. నా అనుభవంలో న్యాయం తమ వైపున్న వాళ్లు ముద్దాయిలుగా మారేది ఇలాంటి చోటే. తాళం తీయించే అధికారం ఉన్నవాళ్లతోనే తీయిద్దాం.

ముందు పంచాయతీ కార్యదర్శికి, ఎంపీడీఓకు రాతపూర్వకంగా ఇవ్వండి. డ్వాక్రా సంఘం తరఫున తీర్మానం రాసి, అందరి సంతకాలతో ఇస్తే ఒక్కరి మీద ఒత్తిడి ఉండదు. గ్రామ సభలో కూడా లేవనెత్తి, మినిట్స్ పుస్తకంలో రాయించండి. దానికీ కదలకపోతే, ప్రజల వాడకంలో ఉన్న చోటును అడ్డగించిన వాళ్లకు ఆ అడ్డు తొలగించమని ఉత్తర్వు ఇచ్చే అధికారం ఆర్డీఓకు ఉంది. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ)లో అది 133 సెక్షన్, దాని స్థానంలో 2024 జులై నుంచి వచ్చిన కొత్త చట్టం భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్ఎస్ఎస్)లో 152. ఆ సెక్షన్ పేరు అర్జీలో రాయండి. చివరికి, అధికారులు తమ పని చేసేలా ఆదేశించమని హైకోర్టులో వేసే రిట్ పిటిషన్ ఉండనే ఉంది. అంతదూరం పోవాల్సి వచ్చినా లాయరు ఫీజు గురించి టెన్షన్ పడకండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం చట్టంలోనే ఉంది. అనంతపురం జిల్లా కోర్టులో న్యాయ సేవాధికార సంస్థను కలిస్తే లాయరును వాళ్లే పెడతారు.

పెళ్లి వచ్చే నెలే అన్నారు. సమాచార హక్కు జవాబు అప్పటికి రాకపోవచ్చు, అందుకని దానికోసం ఆగకండి. వచ్చే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకు సంఘం నుంచి నలుగురు వెళ్లండి. శిలాఫలకం ఫొటో, పెళ్లి పత్రిక, సంఘం తీర్మానం కలిపి ఇవ్వండి. పెళ్లి తేదీ అర్జీలో పైనే, పెద్ద అక్షరాలతో రాయండి. నంబరు వేసిన రసీదు ఇచ్చేదాకా అక్కడి నుంచి కదలకండి. ఆ రసీదు నకలు మర్నాడే ఎంపీడీఓకు ఇచ్చి, పెళ్లి రోజుకు హాలు కావాలని పంచాయతీ పేరుతో దరఖాస్తు పెట్టండి.