పెద్దాయన గురించి రాసే ముందు ఆవిడని అడుగు

చిరంజీవి అమ్ములుకు మావయ్య ఆశీస్సులు.

నీ మెసేజ్ చూశాను. అమెరికాలో, న్యూ హేవెన్‌లో మీ వీధి చివర పిజ్జా రెస్టారెంట్ నడిపిన ఇటలీ పెద్దాయన పోయారనీ, సంస్మరణ సభలో పంచే చిన్న పుస్తకానికి ఆయన జీవితం రాసిపెట్టమని మనవరాలు నిన్ను అడిగిందనీ, ఎక్కడ మొదలెట్టాలో తెలీక టెన్షన్‌గా ఉందనీ రాశావు. పత్రికలో ఉన్న 30 ఏళ్లలో ఇలాంటివి వందల్లో రాశాను. అందులో సగం చెత్తే. అందుకే నాలుగు మాటలు చెప్పగలననుకుంటున్నా.

నువ్వు పంపిన మొదటి పేరాలో 'కష్టజీవి, స్నేహశీలి, అందరికీ ఆప్తుడు' అని ఉంది. మూడూ కొట్టెయ్. మా తెనాలిలో కిళ్లీకొట్టు ఆయన పోయినా ఇవే రాస్తాం. మీ పెద్దాయన చేతుల గురించి రాయి. మీ ఇంటికి వచ్చినప్పుడు ఓ రాత్రి అక్కడ తిన్నాం, గుర్తుందా? పొయ్యికి ఎదురుగా కూర్చున్నాను కాబట్టి నాకు బాగా కనిపించింది. పిండిముద్దని వేళ్లకొసలతో మధ్య నుంచి బయటికి నొక్కుకుంటూ వెళ్లి, అంచు దగ్గర చెయ్యి ఆపేశారు. చివర్లో బల్ల మీద చెదిరిన పొడిపిండిని ఎడంచేత్తో కూడగట్టి మళ్లీ డబ్బాలో పోసుకున్నారు. చెంచాడు కూడా ఉండదు. ఆ ఒక్కటీ రాస్తే, లేమిలో పెరిగారని విడిగా చెప్పక్కర్లేదు.

తారీఖులు మాత్రం సరిచూసుకో. ఆయన 1967లో వచ్చి, న్యూయార్క్ దగ్గర వలస వచ్చినవాళ్లని తనిఖీ చేసే ఎల్లిస్ ఐలండ్‌లో దిగారని రాశావు. అక్కడి కేంద్రం 1954లోనే మూతపడింది! వాళ్ల పెద్దవాళ్లెవరిదో కథ ఈయన కథలో కలిసిపోయి ఉంటుంది. ప్రతి ఇంట్లో జరిగేదే, ఎవరూ కావాలని అబద్ధమాడరు. 'అక్కడి ఆఫీసర్లు ఇంటిపేరు మార్చేశారు' అన్నదీ అలాంటిదే. ఆ ఆఫీసర్లు, ఓడ బయల్దేరే చోట రాసుకొచ్చిన జాబితా చూసుకుంటూ మనుషుల్ని ప్రశ్నలడిగేవారు, కొత్త పేర్లు పెట్టేవారు కాదు. అసలు ఆయన ఎలా రాగలిగారో చూడు. 1924 నాటి అమెరికా వలస చట్టం ఇటలీవాళ్లకి కోటా బాగా కోసేసింది, మనవాళ్లకైతే దాదాపు తలుపే మూసేసింది. 1965లో వచ్చిన కొత్త చట్టంతో ఆ లెక్క మారింది. ఆ పెద్దాయనా, మీ మామగారూ అమెరికాలో అడుగుపెట్టింది ఒకే చట్టం పుణ్యాన. ఇది పుస్తకంలో పెట్టకపోయినా ఫరవాలేదు. పరాయిదాన్ని కదా, నేనెలా రాయను అన్నావు చూడు, దానికి జవాబుగా చెబుతున్నా.

ఆయన మాటని దిద్దకు. మీ ఊరి పాత ఇటలీవాళ్లు పిజ్జాని 'అబీట్స్' అంటారు, మొజరెల్లాని 'మూట్స్' అంటారు. ఆయన ఎలా అన్నారో అలాగే ఉంచు. కోపిష్టి అని నువ్వే ఫోన్లో చెప్పావు. అదీ ఉండనీ. పిజ్జా మాడిందన్నవాడికి డబ్బులు తిరిగిచ్చేసి బయటికి పంపించిన సంగతి వింటే సభలో అందరూ నవ్వుతారు, వాళ్లకి ఆయన కళ్లముందు కనపడతారు.

ఇక అసలు సంగతి. ఊస్టర్ వీధిలో ఫ్రాంక్ పేపే పిజ్జా కొట్టుకి నన్ను తీసుకెళ్లావుగా, 1925లో పెట్టింది. ఆ పేపే 16 ఏళ్లప్పుడు, 1909లో, ఇటలీలో అమాల్ఫీ తీరంలోని మయోరి నుంచి వచ్చాడు. మొదటి ప్రపంచయుద్ధంలో ఇటలీ తరఫున పోరాడటానికి వెనక్కి వెళ్లి, తర్వాత భార్య ఫిలోమెనాతో తిరిగొచ్చాడు. ఆయనకి చదవడం, రాయడం రాదు. మరి వ్యాపారం ఎలా సాగింది? ఇంగ్లీషు నేర్చుకుని వ్యవహారం నడపడంలో ఫిలోమెనా చెయ్యి పెద్దది. బోర్డు మీద మాత్రం ఒక్క పేరే.

నవ్వకు, నేనూ అదే తప్పు చేశాను. 1988లో మా ఊళ్లో ఇడ్లీ హోటల్ ఆయన పోతే అరపేజీ రాశాను, అందరూ మెచ్చుకున్నారు. పన్నెండో రోజు భోజనానికి వెళ్తే ఆయన భార్య నన్ను పక్కకి పిలిచింది. "బాగా రాశావు బాబూ. రోజూ మూడింటికి లేచి పప్పు రుబ్బిందెవరో కూడా ఒక ముక్క రాయాల్సింది" అంది. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. ఆ విస్తరి ముందు ఎలా కూర్చున్నానో నాకే తెలుసు.

అందుకని ఆదివారం మీ పెద్దాయన భార్య దగ్గరికి వెళ్లు. 'ఆయన ఎలాంటివారండీ' అని అడిగితే 'చాలా మంచివాడమ్మా' అంటుంది, అక్కడితో ఆగిపోతుంది. మొదటి నెల అద్దె ఎలా కట్టారు, రాత్రి కొట్టు కట్టేశాక గిన్నెలెవరు తోమేవారు, పిల్లలు ఎక్కడ పడుకునేవారు, అలా అడుగు. ఫోన్లో రికార్డింగ్ వెంటనే పెట్టకు. మా అక్క పంపిన పూతరేకులు ఇంకా ఉంటే రెండు పట్టుకెళ్లు, రేకు కాగితం కాదని ముందే చెప్పు. ఆవిడ వంటింట్లోకి లేచి వెళ్తే హాల్లో కూర్చుండిపోకు, వెనకాలే వెళ్లు.

రాసింది నాకు పంపించు.

మీ మావయ్య
తెనాలి