మేనల్లుడి వాటా తేలేదాకా ఇల్లు కొనొద్దా?

ప్రశ్న: ఎనిమిది నెలల కిందట ఒక ఇంటికి అగ్రిమెంట్ రాసుకుని అడ్వాన్స్ ఇచ్చాం. అమ్ముతున్నది ఇద్దరు అన్నదమ్ములు. ఇల్లు వాళ్ల నాన్నగారి స్వార్జితం, ఇంకా ఆయన పేరు మీదే ఉంది. ఆయన రెండేళ్ల కిందట పోయారు, భార్య అంతకుముందే పోయారు. ఇల్లు కొడుకులిద్దరిదే అని తెల్ల కాగితం మీద వీలునామా రాశారు గానీ రిజిస్టర్ చేయించలేదు. బ్యాంకు లాయరుగారు ఆడపిల్లల సంతకాలు కూడా కావాలన్నారు. ఒకావిడ విదేశంలో ఉన్నారు, సంతకం పెడతానంటున్నారు. ఇంకొకావిడ చనిపోయారు, ఆమెకు భర్త, 11 ఏళ్ల బాబు ఉన్నారు. అన్నదమ్ములేమో "వాళ్లకి ఇవ్వాల్సింది పెళ్లిళ్లప్పుడే ఇచ్చేశాం, ఎవరూ అడగరు, కావాలంటే ప్రొబేట్ (వీలునామా నిజమైనదేనని కోర్టు ఇచ్చే ధ్రువీకరణ) తెస్తాం, ఈలోపు మిగతా డబ్బులో సగం ఇచ్చి ఇంట్లో దిగండి" అంటున్నారు. మా లోన్ శాంక్షన్ గడువు దాటిపోయింది, అద్దింటి ఓనరు ఖాళీ చేయమంటున్నారు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు

జవాబు: ముందు ఆ సగం డబ్బు సంగతి. ఇవ్వకండమ్మా, ఇంట్లో దిగకండి కూడా. రిజిస్టర్ కాని అగ్రిమెంట్‌ను నమ్ముకుని ఇంట్లో దిగినవాళ్లకు ఒకప్పుడు చట్టం కొంత రక్షణ ఇచ్చేది, 2001 సవరణ తర్వాత అది లేదు. రేపు ఏదైనా తేడా వస్తే డబ్బు వాళ్ల దగ్గర ఉంటుంది, మీరు పరాయి ఇంట్లో ఉంటారు. ఇంకో అద్దిల్లు చూసుకోవడం కష్టమే, ఖర్చే, నాకు తెలుసు. అయినా ఆ ఖర్చు దీనికంటే చిన్నది.

ఇక అసలు విషయం. అన్నదమ్ములు రెండు పడవల మీద కాళ్లు పెట్టారు. వీలునామా చెల్లుతుందా, చెల్లదా? చెల్లితే ఆడపిల్లలకు ఈ ఇంట్లో వాటా లేదు, స్వార్జితాన్ని తండ్రి ఎవరికైనా రాసుకోవచ్చు. చెల్లకపోతే 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం నలుగురు పిల్లలకూ తలా పావు వంతు (మీ ఉత్తరాన్ని బట్టి ఆ చట్టమే వర్తిస్తుందనుకుని రాస్తున్నాను, వేరే మతం వాళ్లయితే లెక్క మారుతుంది). పెళ్లిలో ఇచ్చాం అనే మాట ఆ పావు వంతును చెరపదు. అన్నట్టు, పోయినాయన తల్లి బతికి ఉన్నారేమో కనుక్కోండి. ఉంటే ఆమెకూ పిల్లలతో సమానంగా ఒక వాటా వస్తుంది, ఈ సంగతి చాలామందికి గుర్తే రాదు.

వీలునామా రిజిస్టర్ కాకపోవడం దానికదే లోపం కాదు. మన రెండు రాష్ట్రాల్లో ప్రొబేట్ కూడా తప్పనిసరి కాదు. కానీ ఒరిజినల్ మీ చేత్తో పట్టుకుని చూడండి, జిరాక్స్ కాదు. కనీసం ఇద్దరు సాక్షుల సంతకాలు ఉండాలి. ఆ ఇద్దరూ ఎవరు, బతికే ఉన్నారా, అడిగితే కోర్టుకు వస్తారా? గొడవైతే వాళ్లలో ఒక్కరైనా వచ్చి, నా కళ్ల ముందే సంతకం పెట్టారని చెప్పాలి. ఇద్దరూ పోయి ఉంటే ఒక సాక్షి చేతిరాతనూ, పెద్దాయన సంతకాన్నీ గుర్తుపట్టే మనుషులను వెతుక్కోవాలి. అక్కడే చాలా వీలునామాలు చతికిలబడతాయి.

విదేశంలో ఉన్న ఆవిడతో చిక్కు లేదు. ఆవిడ పవరాఫ్ అటార్నీ పంపొచ్చు. అక్కడి మన రాయబార కార్యాలయంలోనో, నోటరీ దగ్గర, ఆ దేశ ప్రభుత్వ ధ్రువీకరణ ముద్ర అయిన అపోస్టిల్‌తోనో చేయించి పంపితే, ఇక్కడికి చేరిన 3 నెలల్లోపు స్టాంప్ డ్యూటీ కట్టించాలి. సేల్ డీడ్‌లో ఆవిడ కూడా అమ్మకందారుగానో, కనీసం వీలునామాకు ఒప్పుకుంటున్నట్టుగానో ఉంటే సరిపోతుంది.

చిక్కంతా బాబు దగ్గరే. 11 ఏళ్ల పిల్లాడు ఒప్పుకున్నాడు అనే మాటకు విలువ లేదు. వాళ్ల నాన్న సంతకం పెట్టినా, మైనరు వాటా అమ్మడానికి కోర్టు అనుమతి ఉండాలి. అనుమతి లేకుండా అమ్మితే బాబు మేజరయ్యాక 3 ఏళ్లలోపు ఆ అమ్మకాన్ని కొట్టేయమని అడగొచ్చు. అంటే వాడికి 21 వచ్చేదాకా, ఇంకో 10 ఏళ్లు, మీకు ఆ భయం తప్పదు. ఇంకొకటి, తల్లి ముందు పోయిందా, తాతగారు ముందు పోయారా? రెండు డెత్ సర్టిఫికెట్లు పక్కపక్కన పెట్టి తేదీలు చూడండి. ఆమె ముందే పోయి ఉంటే ఆమె వాటా నేరుగా పిల్లలకే వస్తుంది, అల్లుడికి రాదు. తండ్రి తర్వాత పోయి ఉంటే ఆమె వాటా భర్తకూ బాబుకూ చెరిసగం. అంటే సంతకాలు ఎన్ని కావాలో ఆ తేదీలే తేలుస్తాయి.

కాబట్టి అన్నదమ్ములను ఏదో ఒక దారి ఎంచుకోమనండి. వీలునామాయే అంటే ప్రొబేట్ వేయాలి (ఎగ్జిక్యూటర్‌గా, అంటే వీలునామాను అమలు చేసే మనిషిగా, ఎవరినీ రాయకపోతే అదే పనికి 'లెటర్స్ ఆఫ్ అడ్మినిస్ట్రేషన్' అడగాలి). కోర్టు వారసులందరికీ నోటీసు ఇస్తుంది, బాబు తరఫున మాట్లాడే మనిషిని పెడుతుంది, ఆ తర్వాత ఇచ్చే తీర్పు అందరి మీదా చెల్లుతుంది. అయితే అది వీలునామా నిజమైనదని మాత్రమే చెబుతుంది, ఇల్లు పెద్దాయనదేనని కాదు. ఇల్లు ఆయనకు ఎలా వచ్చిందో చూపే పాత లింకు డాక్యుమెంట్లు మీరు విడిగా చూసుకోవాల్సిందే. అల్లుడు అభ్యంతరం పెడితే మాత్రం అది మామూలు దావాలా ఏళ్లు నడుస్తుంది. రెండో దారి, వీలునామాను పక్కన పెట్టి అందరూ కలిసి అమ్మడం, బాబు వాటాకు వాళ్ల నాన్న కోర్టు అనుమతి తేవడం, వాడి డబ్బు వాడి పేరున వేయడం. నన్నడిగితే సాక్షులు గట్టిగా ఉండి అల్లుడు అడ్డం రాకపోతే మొదటిది, లేకపోతే రెండోదే మేలు. అన్నదమ్ములకు కొంత డబ్బు తగ్గుతుంది, ఆ బాబుకు అన్యాయం జరగదు.

ఇక మీ పని. అగ్రిమెంట్‌లో రిజిస్ట్రేషన్ గడువు చూడండి. అక్కడి నుంచి 3 ఏళ్లలోపే మీరు కోర్టుకు వెళ్లగలరు. అన్నదమ్ములిద్దరి సంతకాలతో గడువు పొడిగింపు రాయించుకోండి, ఫలానా తేదీలోపు కోర్టు ఉత్తర్వు రాకపోతే అడ్వాన్స్ మొత్తం వెనక్కి ఇస్తామన్న వాక్యం అందులోనే ఉండాలి. అది రాయడానికి వెనకాడితే, ఆ ఇల్లు మీకు వద్దు.

ప్రశ్న: అమ్మ పోయాక ఇంటి పన్ను నా పేరుకు మారింది. సక్సెషన్ సర్టిఫికెట్ తీసుకుంటే ఇల్లు అమ్ముకోవచ్చా? నాన్న, తమ్ముడు ఉన్నారు.

జవాబు: కుదరదు. సక్సెషన్ సర్టిఫికెట్ బ్యాంకు డిపాజిట్లకు, షేర్లకు, రావాల్సిన బాకీలకు, ఇళ్లకు కాదు. పన్ను రసీదు మీద పేరు మారినంత మాత్రాన హక్కు రాదని సుప్రీంకోర్టు ఎన్నోసార్లు చెప్పింది. అమ్మగారు వీలునామా రాయకపోతే మీ ముగ్గురికీ సమాన వాటాలు. ముగ్గురూ కలిసి అమ్మండి, లేదా నాన్నగారు, తమ్ముడు తమ వాటాలు వదులుకుంటూ మీకు విడుదల దస్తావేజు రాసి రిజిస్టర్ చేయించాలి. ఆ తర్వాతే కొనేవాళ్ల దగ్గర అడ్వాన్స్ తీసుకోండి.