సాగు సందేహాలు: వారం రోజుల వాన కబురు

ప్రశ్న: 'అక్కడక్కడ మోస్తరు వర్షాలు' అని వాతావరణ శాఖ వారమంతా చెప్పింది. మా ఊళ్లో చినుకు రాలలేదు. వాన భయంతో మందు కొట్టకుండా ఆగితే పత్తిలో పురుగు ముదిరింది. ఈ సూచనలను ఎంతవరకు నమ్మాలి?
– పత్తి రైతు, దేవరకొండ

జవాబు: నమ్మండి, కాకపోతే అందులోని ప్రతి మాటకూ ఒక కొలత ఉంది. 'అక్కడక్కడ' అంటే వర్షమాపక కేంద్రాల్లో నాలుగో వంతుకు మించకుండా వాన పడుతుందని. మిగతా ఊళ్లు పొడిగా ఉన్నా ఆ సూచన తప్పినట్టు కాదు. 'మోస్తరు' అంటే 15.6 నుంచి 64.4 మిల్లీమీటర్లు. అది దాటితే 'భారీ', 115.6 నుంచి 'అతి భారీ'. ఉత్తర, హస్త కార్తెల్లో పగలు ఎండ మండి, సాయంత్రానికి క్యుములోనింబస్ (నిలువుగా పెరిగే ఉరుముల) మబ్బు లేచి ఒక ఊరిని తడిపి పక్క ఊరిని వదిలేస్తుంది. అది ఏ ఊరో వారం ముందు చెప్పడం ఎవరి తరమూ కాదు. బంగాళాఖాతంలో అల్పపీడనం పుట్టి పడమరకు కదిలితే వచ్చే ముసురు వేరు. దాని జాడ మూడు నాలుగు రోజుల ముందే దొరుకుతుంది.

అందుకే తేదీ పెట్టుకుని చేసే పనికి మొదటి మూడు రోజుల సూచననే పట్టుకోండి. ఆ తర్వాతి రోజులది కాల్వలు తీయడానికి, కూలీలను మాట్లాడుకోవడానికి పనికొస్తుంది. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. బులెటిన్‌లో రోజు ఉదయం 8:30కి మొదలై మర్నాడు 8:30కి ముగుస్తుంది. బుధవారం పడుతుందన్న వాన గురువారం తెల్లవారుజామున పడినా లెక్కలోదే. మందుకు వాన లేని నాలుగైదు గంటలు చాలు. ఆకు మీద మంచు ఆరగానే, గాలి లేవకముందే కొట్టండి. తడి ఆకు మీద కొడితే మందు పలచబడి జారిపోతుంది.

ప్రశ్న: పత్తి మొదటి ఏరుడుకు వచ్చింది. శుక్రవారం నుంచి భారీ వర్షాలంటున్నారు. ఏం చేయాలి?
– జడ్చర్ల

జవాబు: పూర్తిగా పగిలిన కాయల పత్తిని గురువారంలోగా ఏరించండి. సగం విచ్చినవి లాగొద్దు. గింజ పచ్చిగా ఉండి, కుప్పలో వేడెక్కి దూది రంగు మారుతుంది. ఏరింది బస్తాల్లో కుక్కకుండా నీడలో పలుచగా ఆరబోయండి. సీసీఐ (భారత పత్తి సంస్థ) పూర్తి మద్దతు ధర ఇచ్చేది 8 శాతం తేమకే, 12 దాటితే కొనదు.

నల్లరేగడిలో నీరు నిలిస్తే వేళ్లకు గాలి ఆడక చెట్టు ఉన్నట్టుండి వడలుతుంది. వాన తెరిపివ్వగానే నీళ్లు బయటకు తీయండి. వడలిన చెట్ల మొదళ్లు తడిసేలా లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి పోయండి. చేను కాస్త ఆరాక 13-0-45 (పొటాషియం నైట్రేట్) ఎరువును లీటరుకు 10 గ్రాముల చొప్పున ఆకుల మీద పిచికారీ చేయండి. ఎర్ర చల్కల్లో ఈ బెడద తక్కువ.

ప్రశ్న: పొలంలో ఉన్నప్పుడు పిడుగుల సంగతి ముందే తెలిసే దారి ఉందా?
– మిర్యాలగూడ

జవాబు: ఫోన్‌లో 'దామిని' యాప్ వేసుకోండి, చుట్టుపక్కల పిడుగులు పడుతుంటే చూపిస్తుంది. ఉరుము వినబడితే దాన్ని కూడా చూస్తూ నిలబడొద్దు. మడిలోంచి బయటికొచ్చి పక్కా ఇంట్లోకి వెళ్లండి, చెట్టు కిందికి మాత్రం పోవద్దు.